దమ్ము ఒకటి, కప్పగంతు ఒకటి

రాష్ట్ర చింతపండు సంరక్షణ సంస్థ కబడ్డీ జట్టులో ఏడుగురు ఉండేవారు. ఆడేవాడు మాత్రం కంబగిరి ఒక్కడే. అతను కూతకు వెళ్ళినప్పుడు మిగతా ఆరుగురూ చప్పట్లు కొట్టేవారు. అవతలివాడు కూతకు వచ్చినప్పుడు కంబగిరి వెనక నిలబడేవారు. ఈ పద్ధతిలో సంస్థ వరసగా ఐదేళ్ళు నిత్యావసర కప్పు గెలిచింది. పప్పుల సంస్థ, బెల్లం సంస్థ, ఉప్పు సంస్థ, అన్నీ ఈ జట్టు చేతిలో మట్టి కరిచాయి. కప్పుతో దిగిన ఫొటోల్లో ఏడుగురూ సమానంగానే చెమటలు కక్కుతూ కనిపించేవారు.

అలాంటి కంబగిరికి ఉప్పు సంస్థ వాళ్ళు మేనేజరు ఉద్యోగం ఇచ్చారు. ఇక్కడ అతను గోడౌన్‌లో తూకం గుమాస్తా. రాజీనామా రాసి, తూకంరాళ్ళు, తాళంచెవులు ఒప్పజెప్పి, రిలీవింగ్ ఆర్డరు కోసం పరిపాలనాధికారి జలజాక్షి గారి ముందు నిలబడ్డాడు.

జలజాక్షి గారికి కబడ్డీ తెలియదు. నిబంధనలు తెలుసు. ఆ రెండింటిలో ఏది పెద్దదో ఆ ఆఫీసులో ఎవరికీ అనుమానం లేదు.

"తూకంరాళ్ళు సరే. కబడ్డీ ఎవరికి ఒప్పజెప్పారు?" అని అడిగింది.

"కబడ్డీ ఏం ఒప్పజెప్పల్ల మేడం? అది నా ఒంట్లో ఉండాది కదా."

"ఒంట్లో ఉందని మీరే అంగీకరిస్తున్నారు. సంస్థ మైదానంలో, సంస్థ పనివేళల్లో, సంస్థ ఇచ్చిన కోడిగుడ్లు తిని సంపాదించిన నైపుణ్యం సంస్థ ఆస్తి. స్థిరాస్తో చరాస్తో పైవారిని అడగాలి గానీ, ఆస్తి మాత్రం అవును."

ఫైలు మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన రెండు రోజులు ఆలోచించి, 'పరిగెత్తును గనుక చరాస్తి' అని రాసి సంతకం చేశాడు.

ఆ ఆఫీసులో ఎవరి అధీనంలో ఉండాలో తెలియని చరాస్తి ఏదైనా స్టోర్సుకే వస్తుంది. అందుకని అది వన్నూరప్ప దగ్గరికి వచ్చింది.

వన్నూరప్ప స్టోర్సు సూపరింటెండెంటు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే గదిలో, అదే కుర్చీలో ఉన్నాడు. మూడుకాళ్ళ బల్లలు, తిరగని ఫ్యాన్లు, ఎప్పుడూ ప్రారంభం కాని భవనాల శిలాఫలకాలు అన్నీ ఆయన సంతకం మీదే బతుకుతున్నాయి. మెత్తని మనిషి. కాస్త బొజ్జ, ఒక మోకాలి నొప్పి. రిటైరు కావడానికి మూడు నెలలే ఉంది. ఆ మూడు నెలలూ ఏ కొత్త వస్తువూ తన గదిలోకి రాకుండా ఉంటే చాలునని కోరుకుంటున్న రోజులవి.

"ఏం రాయమంటావప్పా?" అని రిజిస్టరు తెరిచాడు.

"రాసుకో అన్నా, నీకు తోచింది. ఒగ కాయితానికి నా దమ్ము అంటుకోని పోతాదా? నాకు ఆర్డరు చేతికి రావల్ల, అంతే," అన్నాడు కంబగిరి.

వన్నూరప్ప రాశాడు. దమ్ము, ముప్పై సెకన్లది, ఒకటి. కప్పగంతు, ఒకటి. బోనస్ గీత దాటి కాలు మోపుట, కుడి ఒకటి, ఎడమ ఒకటి. తొడచరుపు, చప్పుడుతో సహా, ఒకటి. పక్కన 'అన్నియు పనిచేయు స్థితిలో ఉన్నవి' అని రాయబోయి ఆగాడు. చూడకుండా సంతకం పెట్టడం ఆయనకు అలవాటు లేదు.

"పనిచేస్తాండాయో లేదో చూపీ."

కంబగిరి నవ్వి లుంగీ ఎగ్గట్టాడు. తొడ చరిచాడు. పైకప్పు రేకుల మీది దుమ్ము రాలి వన్నూరప్ప కళ్ళద్దాల మీద పడింది. తర్వాత కబడ్డీ కబడ్డీ అంటూ, చింతపండు బస్తాలు ఒకదాని మీద ఒకటి మూడు పేర్చి ఉంటే, వాటి మీదుగా గంతేసి అవతల పిల్లిలా దిగాడు. కూత మాత్రం తెగలేదు. వన్నూరప్ప అద్దాలు తుడుచుకోవడం మరిచి చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో స్టోర్సుకు వచ్చిన సామాన్లలో పనిచేసేవి అవే మొదటివి.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. కంబగిరి ఉప్పు సంస్థకు వెళ్ళిపోయాడు. వన్నూరప్ప రిజిస్టరును బీరువాలో పెట్టి తాళం వేసి, ఇక ఆ సంగతి మరిచిపోవచ్చని అనుకున్నాడు.

నెల తిరక్కుండానే నిత్యావసర కప్పు ముంచుకొచ్చింది. మొదటి ఆట ఉప్పు సంస్థతోనే.

జీపు డ్రైవరు మాబు స్టోర్సుకు వచ్చాడు. ఐదేళ్ళుగా మైదానంలో కంబగిరి వెనక, ఎడమ కార్నర్‌లో నిలబడింది అతనే. ముప్పై దాటిన మనిషి, సన్నగా, వేగంగా ఉంటాడు. మనసులో మాట చెప్పడానికి మాత్రం గంట పడుతుంది. గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

"అన్నా, ఆ కప్పగంతు నాకిస్తావా? ఈసారి నేను కూతకు పోదామనుకుంటాండా."

వన్నూరప్పకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే కాగితం రాసి జలజాక్షి గారి సంతకానికి తీసుకెళ్ళాడు. ఆమె చదివి పక్కన పెట్టింది.

"మాబు నిరూపితుడా?"

"కాదు మేడం. ఎప్పుడూ కూతకు పోలేదు. కంబగిరి ఉన్నప్పుడు ఇంకెవరూ పోయే పని లేకపాయ."

"నిరూపితుడు కాని ఉద్యోగికి విలువైన సామగ్రి ఇవ్వరాదు."

"కూతకు పోకుండా నిరూపించుకునేది ఎట్ల మేడం?"

"నిరూపించుకున్నాక వెళ్ళమనండి."

వన్నూరప్ప ఈ మాటను తల్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎటు తిప్పినా గుండ్రంగానే ఉంది.

"మరి ఎవరు పోవల్ల మేడం?"

"సామగ్రి ఎవరి అధీనంలో ఉంది?"

"నా అధీనంలోనే."

"అధీనంలో ఉన్న సామగ్రి పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించే అధికారం సంరక్షకుడికి ఎప్పుడూ ఉంటుంది. మీరే వెళ్ళండి. దాన్ని ఆట అనుకోకండి, తనిఖీ అనుకోండి."

"నాకు మోకాలి నొప్పి మేడం."

"మీ మోకాలు మా రిజిస్టరులో లేదు. కప్పగంతు ఉంది."

"ఓడిపోతే?"

"సామగ్రి మీ చేతిలో పాడైనట్టు. విచారణ ఉంటుంది. విచారణ ముగిసేదాకా రిటైర్మెంట్ కాగితాలు కదలవు."

ఆ సంస్థలో ఒకసారి అరకిలో రాయి పోయిన విషయమై విచారణ మొదలైంది. రాయి మూడో రోజే దొరికింది. విచారణ పదకొండేళ్ళు నడిచింది.

ఇంటికెళ్ళి చెబితే భార్య చౌడమ్మ రొట్టె కాలుస్తున్నదల్లా ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ముప్పై సెకండ్ల దమ్మా! నిన్న మేడమెట్లు ఎక్కి, మధ్యలో కూలబడితివే. అప్పుడు యాడికి పోయిండె ఆ దమ్ము? బీరువాలో పెట్టి మరిచిపోయొచ్చినావా?"

"నగొద్దు మే. రిటైరుమెంటు ఆగిపోతాదంట."

అప్పుడు ఆమె నవ్వడం మానేసింది. రిటైరయిన మర్నాడే ఇద్దరూ యాగంటికి పోయి వారం రోజులు ఉందామని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్న మాట ఉంది. పొద్దున్నే ఆమే ఆయన మోకాలికి ఆముదం రాసి, గుడ్డ కట్టి మైదానానికి పంపింది.

కూత సంగతి ఇలా తేలాక పరాంకుశం గారి దృష్టి పట్టు మీద పడింది. జట్టును పిలిపించి ఉపన్యసించాడు. "మిత్రులారా, దాడి వ్యక్తిగత ప్రతిభ. రక్షణ సమష్టి బాధ్యత. ఇంతకాలం మనం ఒక్క వ్యక్తి దూకుడు మీద ఆధారపడ్డాం. ఆయన ఎవరినీ సంప్రదించకుండా ప్రత్యర్థి కాలు పట్టుకునేవాడు. ఇకమీదట ప్రతి పట్టులోనూ జవాబుదారీతనం ఉండాలి."

అలా పట్టు మంజూరు విధానం అమల్లోకి వచ్చింది. ప్రత్యర్థికి దగ్గరగా ఉన్నవాడు పట్టును ప్రతిపాదించాలి. పక్కవాడు సిఫారసు చేయాలి. మధ్యలో నిలబడ్డ అకౌంటెంటు, జట్టులో అందరికన్నా పై గ్రేడు గనక, మంజూరు చేయాలి. ఆ తర్వాతే చెయ్యి వేయాలి.

బెల్లం సంస్థతో స్నేహపూర్వకంగా ఒక ఆట పెట్టుకున్నారు. బెల్లంవాడు కూతకు వచ్చాడు.

"కాలు పట్టడానికి ప్రతిపాదిస్తాండా!" అని అరిచాడు మాబు.

"సిఫారసు చేస్తాండా!" అన్నాడు పక్కవాడు.

"ఏ కాలు?" అన్నాడు అకౌంటెంటు.

"ఎడమది!"

"ఎడమదే ఎందుకు?"

అప్పటికి బెల్లంవాడు ముగ్గురిని తాకి, తన వైపు వెళ్ళి, నీళ్ళు తాగి, రెండోసారి వస్తున్నాడు. ఆట నలభై ఆరు–మూడుతో ముగిసింది. ఆ మూడు పాయింట్లూ బెల్లంవాళ్ళు నవ్వాపుకోలేక కూత తెగ్గొట్టుకుంటే వచ్చినవి.

పరాంకుశం గారు సమీక్ష జరిపి, విధానం ఉత్తమమైనదనీ, వేగం మాత్రమే కొరవడిందనీ తేల్చాడు. వేగం పెంచడానికి సమావేశ మందిరంలో రెండు రోజుల శిక్షణ పెట్టించాడు. అందరూ కుర్చీల్లో కూర్చుని సమోసాలు తింటూ వేగం గురించి విన్నారు.

మూడోరోజు పొద్దున గోడౌన్ ముందు మాబు దిగాలుగా కూర్చుని ఉంటే వన్నూరప్ప వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"ఆ కాయితంలో ఒకరి తర్వాత ఒకరు అనల్ల అని యాడా లేదప్పా. నేను రెండుసార్లు చదివినా. ప్రతిపాదించల్ల, సిఫారసు చేయల్ల, మంజూరు చేయల్ల అని ఉండాది. ముగ్గురూ ఒకే తూరి అంటే ఏమైతాది?"

మాబు తలెత్తి చూశాడు.

ఆ రోజునుంచి ఆరుగురూ పొద్దున్నే వచ్చేవారు. వన్నూరప్ప మోకాలిగుడ్డ సర్దుకుంటూ కూతకు వెళ్ళేవాడు. ఆరుగురూ ఒక్క గొంతుతో "పట్టు!" అని అరిచి మీద పడేవారు. ఐదేళ్ళు ఒకడి వెనక నిలబడి ఎక్కడ నిలబడాలో కూడా మరిచిపోయిన మనుషులు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసుగా కదలడం మొదటిసారి నేర్చుకున్నారు. మొదట్లో ఇద్దరు అటు, నలుగురు ఇటు లాగి గొలుసు తెగేది. మాబు ముందే చెయ్యి వదిలేసేవాడు. పదిరోజులకు గొలుసు నిలిచింది. వన్నూరప్పకు మాత్రం కప్పగంతు రాలేదు. కప్ప కూడా అంతగా భయపడదని అకౌంటెంటు అన్నాడు.

ఆట రోజు రానే వచ్చింది. జిల్లా మైదానంలో షామియానా వేసి, కింద ముగ్గురు రిటైర్డు అధికారులతో సాంకేతిక కమిటీ కూర్చుంది. జనం బాగానే వచ్చారు. చౌడమ్మ కూడా ఆముదం సీసాతో వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ఉప్పు సంస్థ తరఫున కంబగిరి మొదటి కూతకు వచ్చాడు. బోనస్ గీత దాటి కాలు మోపాడు, ఇద్దరిని తాకాడు, అడ్డం వచ్చిన అకౌంటెంటు మీదుగా గంతేసి తన వైపు చేరాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలల మధ్య పరాంకుశం గారు లేచి నిలబడ్డాడు.

"అభ్యంతరం! ఇప్పుడు ఆ క్రీడాకారుడు ఉపయోగించిన కప్పగంతు మా సంస్థ ఆస్తి. మా స్టోర్సు రిజిస్టరు పధ్నాలుగో పేజీలో ఆయన సంతకమే ఉంది."

జలజాక్షి గారు రిజిస్టరు పట్టుకెళ్ళి కమిటీ ముందు పెట్టింది. ముగ్గురూ కళ్ళద్దాలు మార్చుకుని చదివారు. సంతకం నిజమే. ఉప్పు సంస్థ డైరెక్టరు లేచి, తాము కంబగిరిని సమస్త నైపుణ్యాలతో సహా నియమించుకున్నామని వాదించాడు. తనవి కాని నైపుణ్యాలతో ఎవరూ చేరలేరని కమిటీ తీర్పు చెప్పింది. ఆ మొదటి కూత చెల్లదు. కంబగిరి ఆడవచ్చు. జాబితాలోని వస్తువులు మాత్రం వాడరాదు.

"దమ్ము లేకుండా కూతకు ఎట్ల పోయేది సార్?" అన్నాడు కంబగిరి.

"వ్యక్తిగత అవసరాలకు పీల్చే ఊపిరికి అభ్యంతరం లేదు. ఆటకు కావలసినది మీ కొత్త సంస్థ సమకూర్చుకోవాలి," అన్నాడు కమిటీ పెద్ద.

రెండోసారి కంబగిరి గీత దాటి వచ్చాడు. గంతెయ్యకూడదు, కాలు చాపకూడదు, నాలుగు మాటలకు మించి కూయకూడదు. కాళ్ళకు బందం వేసిన గిత్తలా అటూ ఇటూ చూశాడు. "పట్టు!" అని ఆరు గొంతులు అరిచాయి. కంబగిరి మట్టిలో పడ్డాడు. చింతపండు సంస్థ వాళ్ళు ఎగిరి గంతులేశారు. మాబు మాత్రం గంతెయ్యలేదు. లేచి, తాను పట్టిన కాలిని వదిలి, ఆ మనిషి మొహం చూసి పక్కకు తిరిగాడు. వన్నూరప్ప కూడా చూశాడు. రిజిస్టరులో కంబగిరి సంతకం కింద ఉన్న రెండో సంతకం తనది.

ఆట అలాగే సాగింది. వన్నూరప్ప తన వంతు వచ్చినప్పుడల్లా గీత దాటి, నాలుగు కబడ్డీలు అని, వెనక్కి వచ్చేవాడు. ఇటు మాబు గొలుసు ఉప్పు సంస్థ వాళ్ళను ఒక్కొక్కరినీ పడగొడుతున్నది, కంబగిరినే కాదు, దమ్మున్నవాళ్ళను కూడా. ఇంకా రెండు కూతలకు వేళ ఉందనగా స్కోరు పంతొమ్మిది–పంతొమ్మిది.

వన్నూరప్ప ఈసారి ఉత్త చేతులతో తిరిగి రాకూడదు. కూత అందుకుని లోపలికి వెళ్ళాడు. ఎదురుగా కంబగిరి. వన్నూరప్ప ఒకడుగు వేసి, రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. నాలుగో సెకనుకే ఊపిరి అయిపోయింది. రెఫరీ ఈల వేశాడు.

"ఆగండి!" అని జలజాక్షి గారు లేచింది. "రిజిస్టరు ప్రకారం దమ్ము ముప్పై సెకన్లది. నాలుగే వాడారు. ఇంకా ఇరవై ఆరు సెకన్ల నిల్వ ఉంది."

కమిటీ తలలు దగ్గర పెట్టుకుంది. నిల్వ ఉన్నంతవరకు దమ్ము అయిపోయిందనడానికి వీల్లేదనీ, మిగిలినదాన్ని విడతలుగా వాడుకోవచ్చనీ తేల్చింది. అంతవరకూ ఆటగాడు ఉన్నచోటనే ఉండాలంది. ఉప్పు సంస్థ కోర్టు మధ్యలో ఒక కుర్చీ వేశారు. వన్నూరప్ప కూర్చున్నాడు. ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చారు. చౌడమ్మ వచ్చి మోకాలికి ఆముదం రాసింది.

కంబగిరి నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కోపంగా లేడు.

"నిదానంగా తాగన్నా, పొరపోతాది. నా దమ్ము నాకు పనికిరాకపాయ. నీకన్నా పనికొస్తే మేలే."

వన్నూరప్ప మజ్జిగ తాగడం ఆపాడు. గ్లాసు కింద పెట్టాడు. మూడు బస్తాల మీదుగా ఎగిరిన మనిషి, ఊపిరి కోసం ఇంకొకడి రిజిస్టరు వైపు చూడాల్సి వచ్చింది. ఆ రిజిస్టరు రాసింది తానే.

"మేడం, ఆ రిజిస్టరు ఇట్లా పంపండి," అన్నాడు.

కుర్చీలోనే ఒళ్ళో పెట్టుకుని, కలం తీసి, దస్తూరీ చెడకుండా రాశాడు. రాసింది నిలబడి పైకి చదివాడు.

"పై సామగ్రి యావత్తూ ఈ దినము పరీక్షలో పూర్తిగా వినియోగమైనది. నిల్వ శూన్యం. వాడితే అయిపోయే సరుకు అయినందున జాబితానుండి తొలగించడమైనది."

"అదెలా అయిపోతుంది?" అన్నాడు పరాంకుశం గారు.

"అగరుబత్తీ, సబ్బు, ఊపిరి, ఇవన్నీ వాడితే అయిపోయేటివే సార్. చీపురుకట్ట అరిగిపోతే మీరు విచారణ పెడతారా? పెట్టరు. అదే రూలు." ఆ తర్వాత రెఫరీ వైపు తిరిగాడు. "నేను ఔటప్పా. నాకు నిజంగానే దమ్ము లేదు."

జలజాక్షి గారు ఆ పేజీని రెండుసార్లు చదివింది. తప్పు పట్టడానికి ఒక కామా కూడా దొరకలేదు. స్టోర్సు మనిషి వైపు ఆమె గౌరవంగా చూడడం అదే మొదలు.

ఉప్పు సంస్థ ఇరవై, చింతపండు సంస్థ పంతొమ్మిది. మిగిలింది కంబగిరి కూత ఒక్కటే. సంరక్షకుడు లేడు, జాబితా లేదు. కంబగిరి గీత దగ్గర నిలబడి తొడ చరిచాడు. అవతలి వీధిలో కుక్కలు మొరిగాయి. కూత అందుకుని వచ్చాడు, అసలైన కంబగిరి. ఎదురుగా ఉన్న ఆరుగురి ముందు ఇప్పుడు ఎవరూ లేరు. అతను గంతెయ్యబోతుండగా మాబు గాలిలోనే చీలమండ అందుకున్నాడు. ఈసారి ఎవరూ ఏమీ అరవలేదు. అరవడం మరిచిపోయారు. అకౌంటెంటు నడుం పట్టుకున్నాడు. ఇంకిద్దరు మీద పడ్డారు. కంబగిరి నలుగురినీ ఈడ్చుకుంటూ, మట్టి దున్నుకుంటూ, కూత తెగకుండా వెళ్ళి, చిటికెనవేలు గోరును గీత మీద పెట్టాడు.

చింతపండు సంస్థ ఓడిపోయింది.

మట్టికుప్పలోంచి మొదట లేచింది కంబగిరే. ఇంకా కాలు వదలని మాబును భుజాలు పట్టి లేపి, "నేర్చినారు కదరా పట్టు! ఇన్నేండ్లు నా యెనక ఏం చేస్తాంటిరి?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. దంతాల నిండా మట్టి.

పరాంకుశం గారు విచారణ వేయాలనుకున్నాడు. లేని సామగ్రి పాడవడానికి వీల్లేదని జలజాక్షి గారే ఫైలు మీద రాసింది. వన్నూరప్ప రిటైర్మెంట్ కాగితాలు కదిలాయి. చౌడమ్మ యాగంటికి బట్టలు సర్దింది.

ఉద్యోగపు చివరి వారంలో ఒక పొద్దున ఆయన గోడౌన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాబు కూతకు వెళ్తున్నాడు. ఇవ్వడానికి స్టోర్సులో ఏమీ లేదు గనుక, తీసుకునేవాడు నిరూపితుడా కాదా అన్న ప్రశ్నే రాలేదు. మొదటిసారి వెళ్ళాడు, పట్టేశారు. రెండోసారి పోయాడు, పట్టేశారు. మూడోసారి బోనస్ గీత దాకా పోయి, సొంత కాలికే తట్టుకుని పడ్డాడు. మోచేయి తుడుచుకుంటూ వచ్చి కుర్చీ పక్కన నిలబడి అడిగాడు.

"అన్నా, నాకు వస్తాదంటావా?"

వన్నూరప్ప అతని మోచేతి మీది మట్టి దులిపాడు.

"నాకేం తెలుసప్పా. రాకుంటే మళ్ళా పో."

మాబు మళ్ళా పోయాడు.